ఇంకో పట్టీ ఎక్కించు

మా చండ్రుగొండ చుట్టుపక్కల బండికి ఏ రోగమొచ్చినా మందు ఒక్కటే: కమాన్ కట్టలో ఇంకో పట్టీ ఎక్కించు. కుంగిందా? పట్టీ. ఓ పక్కకి ఒరిగిందా? ఆ పక్కన పట్టీ. కిర్రుమంటోందా? పట్టీ. మొన్న ఒకాయన మైలేజీ రావట్లేదని వాపోయినా ఇదే మందు చెప్పారు.

నా పికప్ ట్రాలీకి వెనక కమాన్లు మెత్తబడ్డాయని నేనేమీ చాటింపు వేయించలేదు. ఆ అవసరమే లేదు. పామాయిల్ గెలలు నింపగానే వెనక కుంగుతుంది, ముక్కు లేస్తుంది, హెడ్‌లైట్లు రోడ్డొదిలేసి చింతచెట్ల చిటారుకొమ్మల్లో ఎవర్నో వెతుకుతుంటాయి. ఎదురొచ్చినవాడు కళ్ళు మూసుకుని తిడతాడు. రాత్రి తిట్టినవాడే పొద్దున టీ కొట్టు దగ్గర దొరికి సలహా ఇస్తాడు. తిట్టే నయం, ఆగకుండా వెళ్ళిపోతుంది. సలహా మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుంటుంది.

"చెరో పక్కా రెండేసి పట్టీలు ఎక్కియ్ బావా, రెండు టన్నులేసినా ఉలకదు" అన్నాడు మా బావమరిది. ఆయనకున్నది స్కూటీ. "పట్టీలు పాతకాలం అన్నా, ఎయిర్ బెలూన్లు పెట్టు. లోడుంటే గాలి కొట్టు, దిగాక గాలి తీసెయ్" అన్నాడు ఇంకొకడు. మా అడవి దారిలో జామాయిల్ దుంగ మోడు ఒక్కటి గీరుకుంటే ఆ గాలి దానంతటదే తీసుకుంటుందన్న సంగతి ఆయన లెక్కలో లేదు. ఇంటర్ చదివే కుర్రాడొకడు ఫోన్లో అమెరికా పికప్పులు చూపించాడు. ఒక్కోదాని కింద మనిషి వంగకుండా దూరిపోయేలా ఉంది. వాళ్ళు బండిని ఎత్తేది చూసేవాళ్ళ కోసం, మేమెత్తేది గెలల కోసం. పైగా అంత ఎత్తుకి గెల విసరాలంటే కూలీకి బదులు వాలీబాల్ జట్టుని పిలవాలి.

కమాన్ మేస్త్రి దగ్గరికెళ్ళి, తక్కువ పట్టీలతో వచ్చే పారబోలిక్ కమాన్ల సంగతి అడిగాను. వాటిలో పట్టీ మధ్యలో మందంగా, చివరలకి పోయేకొద్దీ పల్చగా ఉంటుంది, పట్టీకీ పట్టీకీ మధ్య సందుంటుంది కాబట్టి రాపిడి తక్కువ, కుదుపూ తక్కువ. ఆయన అంతా విని, కట్టకేసి చూసి, యూ బోల్టు మీద సుత్తితో ఒక్కటేశాడు. "ఇనుము తగ్గించి డబ్బు ఎక్కువ తీసుకునేదాన్ని మంచిదంటే నేనొప్పుకోను" అన్నాడు. ఇక వాదన లేదు.

అసలు కమాన్ల మీద నాకెప్పుడూ కోపం లేదు. నా కోపమంతా వాటిని చంపే స్పీడ్ బ్రేకర్ల మీద. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ళు స్పీడ్ బ్రేకర్ ఎట్లా ఉండాలో లెక్క రాసిపెట్టారు. ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, వంపు 17 మీటర్ల వ్యాసార్ధం. గంటకి 25 కిలోమీటర్ల వేగంతో హాయిగా దాటొచ్చు. అలాంటిదాన్ని ఒక్కదాన్ని చూసి చనిపోవాలని నా కోరిక. మా దారిలో ఉన్నవి వేరే జాతులు.

మొదటిది శ్లాబు జాతి. ఎవరింటికో శ్లాబు పోయగా తట్టెడు కాంక్రీటు మిగులుతుంది. పారేయడానికి మనసొప్పదు, తెచ్చి రోడ్డుకి అడ్డంగా పోస్తారు. ఎత్తు ఎంతంటే, మిగిలినంత. రెండోది మోకు జాతి. లారీ మోకుని రోడ్డుకి అడ్డంగా పరిచి మేకులు కొడతారు. తాడు అరిగిపోయాక మేకులు డ్యూటీలో ఉంటాయి. మూడోది పైపు జాతి. నీళ్ళ పైపు కోసం అడ్డంగా తవ్వుతారు, పూడ్చేటప్పుడు తవ్విన మట్టికంటే ఎక్కువ మట్టి ఎక్కడినుంచో వస్తుంది. ఎండాకాలం అది కట్ట, వానాకాలం గుంత. నాలుగోది భ్రమ జాతి. అక్కడొకప్పుడు స్పీడ్ బ్రేకర్ ఉండేది, ఎప్పుడో అరిగిపోయింది, అయినా అందరం అక్కడికి రాగానే బ్రేకేస్తాం. పదవి పోయినా పాత సర్పంచికి దండం పెట్టడం మానం కదా.

ఇవి పుట్టే పద్ధతి కూడా గమ్మత్తుగా ఉంటుంది. కోడి బండి కింద పడ్డచోట ఒకటి పోస్తారు. మేక పడ్డచోట రెండు. బర్రె పడ్డచోట వరసగా మూడు, మధ్యలో ఊపిరి తీసుకునే సందు లేకుండా. మనిషి పోయినచోట మాత్రం ఫ్లెక్సీ కడతారు.

సరే, పట్టీల సంగతికొద్దాం. సత్తుపల్లి బొగ్గుకి కొత్తగూడెం దాకా రైలు పట్టాలు వేశారు. మా గెలలకి ఉన్నది పట్టీలే. గెల కోసిన 24 గంటల్లోపు ఫ్యాక్టరీ చేరాలంటారు, ఆలస్యమైతే నూనెలో ఆమ్లం పెరిగిపోతుంది. అందుకని అప్పారావుపేట ఫ్యాక్టరీకి రెండు ట్రిప్పుల సరుకు ఒక్క ట్రిప్పులోనే తోలేయాలని ప్రతివాడికీ ఆశ. ఆ ఆశకి మేస్త్రి పెట్టిన పేరే ఇంకో పట్టీ.

పట్టీ ఎక్కిస్తే బండి కుంగదు, నిజమే. కానీ దాంతోపాటు యాక్సిలూ, చాసిస్సూ, బేరింగులూ, టైర్లూ బలపడవు. వాటి బలం కంపెనీలో పుట్టినప్పుడు ఎంతో అంతే. చాలా పికప్పులకి వెనక యాక్సిలు దగ్గర ఓ చిన్న వాల్వు, దానికో సన్నటి కడ్డీ ఉంటాయి. బాడీ ఎంత కుంగిందో చూసి, లోడెంతుందో అంచనా కట్టి, వెనక బ్రేకుకి ఎంత పట్టు ఇవ్వాలో తేల్చేది అదే. పట్టీలు ఎక్కించి బండిని కుంగనీయకపోతే, పాపం ఆ వాల్వు బండి ఖాళీగా ఉందనుకుంటుంది. వెనక రెండు టన్నులుంటాయి, బ్రేకు మాత్రం ఖాళీ బండికి పడ్డట్టు పడుతుంది. కంపెనీ ఇచ్చిన లెక్క మార్చొద్దని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఊరికే అనలేదు. ఇదంతా టీ కొట్టు దగ్గర చెబితే, "ఇన్ని తెలిసినోడివి, ఒక్క పట్టీకి ఆలోచిస్తావేందే?" అన్నారు.

అసలు ఈ పట్టీ పుట్టింది సరుకు కోసం కాదు. 1804లో ఇంగ్లండులో ఒబాడియా ఇలియట్ అనే ఆయన గుర్రపు బగ్గీలకి కమాన్లు బిగించి పేటెంటు తీసుకున్నాడు. లోపల కూర్చున్నవాళ్ళ నడుములు విరగకుండా ఉండాలని.

మిర్చి ఏరే రోజుల్లో తెల్లవారుజామున ఇవే ట్రాలీల్లో కూలీలు వెళ్తారు. గూడ్సు బండిలో మనుషుల్ని ఎక్కించకూడదు, అందరికీ తెలుసు. బస్సు రాని ఊళ్ళకీ తెలుసు. రెండు టన్నుల కోసం బిర్రుగా బిగించిన కమాన్ల మీద పదిహేను మంది ఆడవాళ్ళు కూర్చుంటే పట్టీ వంగను కూడా వంగదు. వంగకపోతే ప్రతి గుంతా నేరుగా నడుంలోకే. మా చేలోకి వచ్చే ఓ ముసలామె గోనె సంచి నాలుగు మడతలేసి కింద పెట్టుకుని, తాడు పట్టుకుని అడిగింది. "ఏం నాయనా, గెలలేస్తే మెత్తగా పోయిద్దంట గదా బండి. మేమెక్కితేనే ఎందుకిట్టా ఎగిరిద్ది?"

మీకు బరువు చాలదు పెద్దమ్మా, అనాలి. కమాన్ల శాస్త్రం ప్రకారం అదే సరైన జవాబు. అనలేకపోయాను. బరువున్నదానికే బండి మెత్తగా ఉంటుందన్నది ఆమెకి ట్రాలీ ఎక్కకముందే తెలిసినట్టుంది, నవ్వేసి ఊరుకుంది.

నేను పట్టీ ఎక్కించలేదు. అరిగిన బుష్‌లు మార్పించాను, చచ్చిపోయిన షాకబ్జర్లు తీసేసి కొత్తవి వేయించాను, మెత్తబడ్డ కట్టకి బదులు కంపెనీ లెక్క ప్రకారం ఉన్న కట్టే బిగించాను. గెలలు మాత్రం కాటా చూసుకుని ఆర్‌సీలో రాసినంతే వేస్తున్నాను. ట్రిప్పు పెరిగింది, డీజిలు ఖర్చు పెరిగింది, బావమరిది దగ్గర పరువు తగ్గింది.

మీకూ ఎవరైనా ఇంకో పట్టీ ఎక్కించమని చెబితే వాదించకండి. ఆ పెద్దమనిషిని ఖాళీ ట్రాలీ వెనక బాడీలో కూర్చోబెట్టి శ్లాబు జాతి మీద నుంచి ఒకసారి తీసుకెళ్ళండి. దిగాక కూడా అదే మాట అంటే, అప్పుడు ఎక్కించుకోండి.