కూజాభంగం: సటీకా తాత్పర్యం

ఆ.వె.
మట్టి ముద్ద తెచ్చి మధ్యన నిలుపగ
చేయి వణకె నీళ్ళు చెదరి చిందె
కూజ చేయబోవ కుదురక చివరికి
ప్రమిద మిగిలె నదియు పగులువారె

అవతారిక: హైదరాబాదులో ఉద్యోగస్థుల కోసం సాయంకాలం నడిచే కుండల క్లాసులో, గోడ మీద దొరికిన పద్యమిది. కర్త ఎవరో తెలియదు. చేతులకు మట్టి ఉండడం వల్ల సంతకం పెట్టలేదని సంప్రదాయం. మరి పద్యం ఎలా రాశాడని అడగరాదు. కుమ్మర మొల్ల పుట్టిన ఇంటివాళ్ళెవరో రాసి ఉంటారని కొందరన్నారు. అది పొసగదు. ఆ ఇంట సారె ముందు కూర్చున్నవారి నోట ‘కుదురక’ అన్న మాట రాదు.

ప్రతిపదార్థం: మట్టి ముద్ద = గాలి బుడగలు పోయేలా పిసికిన బంకమన్ను ముద్దను; తెచ్చి = (పిసికింది టీచరు కనుక) బల్ల మీంచి తెచ్చి; మధ్యన = కరెంటు సారె నట్టనడుమ; నిలుపగ = నిలపబోగా; చేయి వణకె = చేయి వణికెను; నీళ్ళు చెదరి చిందె = నీళ్ళు ఎగిరి (పక్కావిడ చున్నీ మీద) పడెను; కూజ చేయబోవ = కూజా చేయాలని చూడగా; కుదురక = అది కుదరక; చివరికి = క్లాసు ముగిసే వేళకు; ప్రమిద మిగిలెన్ = ప్రమిద మాత్రం మిగిలెను; అదియు = ఆ ప్రమిద కూడా; పగులువారె = పగిలెను.

తాత్పర్యం: స్పష్టం.

విశేషాలు: నాలుగు పాదాల్లోనూ యతి కుదిరింది. ముద్ద కుదరలేదు.

‘మధ్యన నిలుపగ’. పద్యమంతా ఈ రెండు మాటల్లోనే ఉంది, మిగతాది వాటి పర్యవసానం. ముద్ద నడిమికి రాకపోతే గోడ ఒక పక్క మందంగా, ఇంకో పక్క పలచగా లేస్తుంది. పైకి లాగేకొద్దీ ఊగుతుంది. తిరిగే ముద్ద ఎటు తోస్తే అటు చేయి పోనివ్వడం కొత్తవారి లక్షణం. మోచెయ్యి తొడకు ఆనించి, మణికట్టుతో కాక ఒంటి బరువుతో ఒత్తి, చేయి కదలకుండా ఉంచితే మట్టే వచ్చి ఒదుగుతుంది. ముద్దను శంకువులా పైకి లేపి మళ్ళీ అణచడం కూడా ఇందుకే. కుదరనంతసేపూ అరచేతికి ఒకేచోట దెబ్బ తగులుతూ ఉంటుంది. కుదిరిందా, సారె గిర్రున తిరుగుతున్నా చేతికింద ఏమీ కదలనట్టే ఉంటుంది. పగలంతా పదిమందిని కదిలించి పని చేయించేవారికి, తాము కదలకుండా పని జరగనివ్వడం అంత తేలిగ్గా అబ్బదు. క్లాసులో అందరికంటే ఆలస్యంగా కుదిరేది మేనేజర్లకేనని నా పరిశీలన.

‘నీళ్ళు’. వణుకు ముందు, నీళ్ళు తర్వాత. ఈ క్రమం కవి ఎరిగి పెట్టిందే. భయం వేసినప్పుడల్లా కొత్తవారు నీళ్ళు పోస్తారు. నీళ్ళు చేయి జారడానికే. ఎక్కువైతే గోడ నాని కూలుతుంది.

‘కూజ’. కూజా అనవలసినదాన్ని ఛందస్సు కోసం కుదించాడు. కూజా కుంచించుకుపోవడం ఇక్కడే మొదలైంది. కూజాకూ ప్రమిదకూ మధ్య చెంబు, గిన్నె, మూకుడు ఉన్నాయని సహృదయులు ఊహించుకోవాలి. ఊగిన అంచును సూదితో కోసి తీసేసినప్పుడల్లా పాత్ర ఒక పేరు దిగుతుంది. అడిగినవారికి ‘మొదటి నుంచీ గిన్నే అనుకున్నా’ అని చెప్పడం ఈ శాస్త్రంలో ఆచారం.

ఇక్కడ తార్కికుల చర్చ ఒకటుంది. కుండ పుట్టడానికి కుమ్మరి, సారె, దాన్ని తిప్పే కర్ర నిమిత్త కారణాలు. మన్ను మోసిన గాడిద మాత్రం అన్యథాసిద్ధం, అంటే అక్కడ ఉన్నా కారణాల లెక్కలోకి రానిది. కారికావళి చదివినవారికి ఈ గాడిద పరిచితమే. కరెంటు సారెలో కర్ర స్థానం మోటారుకు దక్కింది. మరి గాడిద స్థానం? మన్ను సంచి కారు డిక్కీలోంచి మోసుకొచ్చి, ఫీజు కట్టి, ఏప్రాన్ తొడుక్కుని, కుండ పుట్టుకలో ఏ పాత్రా లేనివాడు విద్యార్థే. క్లాసులో నిలబడ్డ కూజాలన్నీ టీచరు చెయ్యి వేసినవే కనుక ఈ సిద్ధాంతానికి బాధ లేదు.

‘పగులువారె’. వ్యాఖ్యాతలు రెండుగా చీలారు. ఫ్యాను కింద పెట్టడం వల్ల పలచని అంచు ముందు ఆరి బిగుసుకుంది, మందమైన అడుగు ఇంకా తడిగా ఉంది, ఆ లాగుడుకి పగిలిందని ఫ్యానుపక్షం. అడుగును వేళ్ళతో నొక్కి గట్టిపరచలేదు, అందుకే నడుమ ఇంగ్లీషు ‘ఎస్’ ఆకారంలో విచ్చిందని అడుగుపక్షం. ఆరేటప్పుడే మట్టి నూటికి 5 నుంచి 8 పాళ్ళు కుంచించుకుపోతుంది కనుక ఇద్దరి మాటా చెల్లుతుంది. ‘కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు’ అంటారు. ఇక్కడ గుదియ అవసరమే రాలేదు.

పగిలింది పచ్చిదా, కాల్చిందా? పచ్చిదైతే బకెట్లో నానబెట్టి మళ్ళీ మన్ను చేసుకోవచ్చు. సుమారు 600 డిగ్రీలు దాటాక మట్టిలో కలిసి ఉన్న నీరు పోతుంది, ఆపైన ఎంత నానబెట్టినా అది మన్ను కాదు. కవి ఏదీ చెప్పలేదు. పచ్చిదేనని నా నిర్ణయం. కాల్చడానికి వేరే ఛార్జి. పగిలిన ప్రమిదకు ఆ డబ్బు కట్టినవాడు నాలుగు పాదాల్లో ఎక్కడో ఒకచోట ఆ మాట అనకుండా ఉండడు.