రాజుగారు వద్దన్న చీటీగుడ్డ

భీమిలి వచ్చినవాళ్ళకు డచ్చివాళ్ళ సమాధులు చూపిస్తారు. ఆ రాళ్ళ కింద ఉన్నవాళ్ళ వ్యాపారం సూటిగా ఉండేది: ఈ తీరంలో గుడ్డ కొనడం, ఓడకెక్కించడం, అమ్ముకోవడం. ఫ్రెంచివాళ్ళు అంత మోటు మనుషులు కారు. వాళ్ళూ ఇదే తీరంలో కొన్నారు, ఓడకెక్కించారు. తమ దేశంలో మాత్రం ఆ గుడ్డ కట్టడమే నేరమన్నారు. దీనికి ఆర్థిక విధానమని పేరు.

1664లో ఫ్రెంచి మంత్రి కోల్బేర్ ఈస్టిండియా కంపెనీ పెట్టించాడు. మూలధనం కోటీ యాభై లక్షల లివర్లు అనుకున్నారు. వర్తకులు వెనకాడితే పద్నాలుగో లూయీ ఖజానా తెరిచి, కొలువులోని వాళ్ళచేత కూడా వాటాలు కొనిపించాడు. ఏలినవారు అడిగాక వ్యాపారాసక్తి పుట్టక చస్తుందా? 1669లో గోల్కొండ సుల్తాను మచిలీపట్నంలో సుంకాల్లేని వర్తకానికి ఫర్మానా ఇచ్చాడు. దాన్ని సాధించిపెట్టిన ఆర్మీనియన్ మార్కరాకు కంపెనీ ముట్టజెప్పిన బహుమానం సంకెళ్ళు.

ఆపైన ఫ్రాన్సులోని పట్టు, ఉన్ని నేతవాళ్ళు ఈ గుడ్డ తమ పొట్ట కొడుతోందని మొరపెట్టుకున్నారు. 1686 అక్టోబరులో శాసనం వెలువడింది: భారతదేశపు అద్దకం గుడ్డలు (మన చీటీగుడ్డలు) అమ్మరాదు, ఫ్రాన్సులో అద్దరాదు, అచ్చులు పగలగొట్టాలి. అంతకు ముందు ఏడాదే ప్రొటెస్టెంట్ల మతస్వేచ్ఛ రద్దయింది. వాళ్ళలో అద్దకం తెలిసినవాళ్ళు స్విట్జర్లాండు దారి పట్టారు. అక్కడ అద్దిన గుడ్డ దొంగచాటుగా ఫ్రాన్సులోకే వచ్చింది. స్వదేశీ పరిశ్రమ కోసం పుట్టిన శాసనం పొరుగువాళ్ళ పరిశ్రమను కంటికి రెప్పలా కాపాడింది.

నిషేధం 73 ఏళ్ళు సాగింది. ఒక ఉత్తర్వు పారలేదని ఇంకొకటి, అదీ పారలేదని మరొకటి, మొత్తం ఎనభై దాకా వేశారు. మొదట జప్తులు, జరిమానాలు. తర్వాత దొంగరవాణాదారులకు తెడ్లేసే ఓడల్లో చాకిరీ, చివరికి మరణశిక్ష. ఇదంతా సామాన్యులకు. పదిహేనో లూయీ ప్రియురాలు పాంపదూర్ దొరసాని బెల్‌వ్యూ భవనంలో అవే గుడ్డలు అలంకారమయ్యాయి. కంపెనీకీ ఇబ్బంది లేదు. గుడ్డ తెచ్చి పరదేశాలకు అమ్ముకోవచ్చు, ఆఫ్రికాలో ఇచ్చి బానిసల్ని కొనవచ్చు. పారిస్ ఆడవాళ్ళ ఒంటి మీదికి వస్తేనే రాజ్యానికి అరిష్టం.

నిషేధం నడుస్తుండగానే కూర్దూ అనే ఫ్రెంచి జెస్విట్ ఫాదరీ, తెలుగు నేర్చిన పండితుడు, తాను మతంలో కలుపుకున్న అద్దకం పనివాళ్ళను అడిగి కరక్కాయ, గేదెపాలు, పటిక, చిరివేరు సంగతులన్నీ 1742లో ఉత్తరం రాసి స్వదేశానికి పంపాడు. అక్కడ దాన్ని అచ్చేసుకున్నారు. గుడ్డ మీద అచ్చు నేరం, కాగితం మీద అచ్చు విజ్ఞానం!

1753లో ఉత్తర సర్కారులు ఫ్రెంచి సేనాని బుస్సీ చేతికొచ్చాయి. 1757 జూన్‌లో విశాఖపట్నంలోని ఇంగ్లీషు కోట కూడా పట్టాడు. గుడ్డ పుట్టే తీరానికి ఫ్రెంచివాళ్ళే ప్రభువులు. ఆ గుడ్డకు వాళ్ళ దేశంలోనే ప్రవేశం లేదు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఓడారు. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ మచిలీపట్నం కోట పట్టుకున్నాడు. అక్కడితో సర్కారులు చేజారాయి.

అదే ఏడాది సెప్టెంబరులో పారిస్‌లో వివేకం ఉదయించి నిషేధం ఎత్తేశారు. మరుసటి ఏడాది ఒబెర్‌కాంఫ్ అనే జర్మన్ వర్సాయి దగ్గరి జూయిలో అద్దకం కార్ఖానా తెరిచాడు. 1783లో దానికి రాచ కార్ఖానా బిరుదు కూడా దక్కింది.