మిరపకాయకు ముహూర్తం

జగ్గయ్యపేటలో కారం కొట్టు పెట్టిన ఆసామికి రెండు బెంగలు. ఒకటి కాయ ధర, రెండోది ఫోటో. ధర సంగతి గుంటూరు యార్డు చూసుకుంటుంది. ఫోటో మాత్రం తన చేతిలోనే ఉందనుకుంటాడు, ఫోన్లో కెమెరా ఉంది గనక. ట్యూబ్‌లైటు కింద స్టీలు బేసిన్లో కారం పోసి, క్లిక్‌మనిపించి వాట్సాప్‌లో పెడతాడు. బెంగళూరు నుంచి మేనల్లుడు, "మావయ్యా, ఇటుక పొడి కూడా అమ్ముతున్నావా?" అని అడుగుతాడు. ఫోటోగ్రాఫర్‌ని పిలిపించాలన్న బుద్ధి పుట్టేది అప్పుడే.

పిలవడానికి ఆయన దొరకొద్దూ! పేటలోనైనా నందిగామలోనైనా ఫోటోగ్రాఫర్‌కి అన్నం పెట్టేది పెళ్లిళ్లు. కొత్త కాయ కల్లానికి చేరేదీ, మాఘమాసపు ముహూర్తాలు ముంచుకొచ్చేదీ ఒకేసారి. మూఢంలో అయితే ఆయన ఖాళీ, బేరమూ కుదురుతుంది. "మూఢంలో శుభమా అని కొత్త లేబుల్‌కి ఫోటోలేమిట్రా?" అంటుంది ఇంట్లో అమ్మ. అక్కడితో ఆ బేరం కొట్టేసినట్టే.

ఇక వారం చూడాలి. ఫోటోకి మంచి వెలుగు పొద్దెక్కకముందు, పొద్దు వాలాక. ఆదివారం కొట్టుకు సెలవు కదా, సాయంత్రం పెట్టుకుందామంటే 4.30 నుంచి 6 దాకా రాహుకాలం. సోమవారం పొద్దున పెట్టుకుందామంటే 7.30 నుంచి 9 దాకా మళ్లీ రాహుకాలమే. బంగారంలాంటి వెలుగంతా రాహువు ముందే బుక్ చేసుకున్నాడేమో అనిపిస్తుంది. బుధవారం మాత్రం ఆయన మధ్యాహ్నం 12 నుంచి 1.30 దాకా తీసుకున్నాడు. నడినెత్తిన ఎండ ఉండే ఆ వేళకు ఏ ఫోటోగ్రాఫరూ కెమెరా బయటికి తీయడు. రాహువూ లెన్సూ ఒక మాట మీద ఉండే రోజు అది.

తీరా కల్లానికి వెళ్లాక తెలుస్తుంది, ఎండుమిరపకాయ పెళ్లికూతురి కంటే మొండిదని. డిజిటల్ కెమెరాకి ముదురు ఎరుపంటే పడదు. ఎక్స్‌పోజర్ కాస్త ఎక్కువైతే కాయ మీది ముడతలూ మెరుపూ అన్నీ పోయి ఎర్రటి ముద్ద మిగులుతుంది. దాన్ని కొంచెం తగ్గించి తీయాలి. కింద నీలం టార్పాలిన్ పట్టా ఉంటే ఆ నీలం కాయకీ అంటుతుంది. పట్టా మీద గోనెసంచి పరిచి, పక్కన తెల్ల థర్మాకోల్ అట్ట నిలబెడితే చాలు, స్టూడియో లైట్లక్కర్లేదు. ఒక కాయని తొడిమ పట్టుకుని పొద్దుటి సూర్యుడికి అడ్డంగా పెట్టి చూడండి. తొక్క ఎర్రగాజులా వెలిగి, లోపల గింజలు ఒక్కొక్కటీ నీడలా కనిపిస్తాయి. కారం కొట్టుకి ఇంతకంటే మంచి బొమ్మ ఉండదు. కాకపోతే అది తీసేలోపు ఫోటోగ్రాఫర్ పదకొండు తుమ్ములు తుమ్ముతాడు, పది ఫ్రేములు కదిలిపోతాయి.

ఈలోగా ఆసామి బావమరిది ఇస్త్రీ చొక్కా వేసుకుని దిగుతాడు. వెనకాలే తోడల్లుడు, కొత్తగా కొన్న బండి, బండికి దండ. "అన్నా, అందరం ఒకటి దిగుదాం!" ఇక ఫోటోలో కాయ వెతుక్కోవాలి.

మందిని పెట్టి కూడా బొమ్మ కట్టొచ్చని ఈ ఊరే చూపించింది. పేట పక్కన ధనబోడు దిబ్బ మీద బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ పరిశీలించి, 1887లో అచ్చువేసిన పుస్తకంలో అక్కడి శిల్పాలు చూపించాడు. అందులో మాంధాత చక్రవర్తి పలక ఒకటి. రాజు కుడిచెయ్యి పైకెత్తితే మబ్బుల్లోంచి చదరపు నాణేలు రాలుతుంటాయి. రాణి ఉంది, మంత్రి ఉన్నాడు, ఏనుగూ గుర్రమూ చక్రమూ ఉన్నాయి. బంధువర్గంలో ఎవరినీ నొప్పించలేదు. అయినా కన్ను తిన్నగా పోయేది ఆ ఎత్తిన చేతి మీదికే. రెండువేల ఏళ్ల కిందటి ఆ శిల్పి బావమరిదిని ఎక్కడ నిలబెట్టాలో తెలిసినవాడు.

షూట్ పెట్టుకునేవాళ్లకో మాట. బుధవారం పొద్దున్నే కల్లంలో ఉండండి. తాలు కాయలు ముందురోజే ఏరించండి. బావమరిదికి థర్మాకోల్ అట్ట పట్టుకునే పని అప్పజెప్పండి. ఫోటోగ్రాఫర్‌కి చేతిరుమాలు మీరే ఇవ్వండి.