మా ఇంట్లో బెలుం గుహలు

కర్నూలులో మా ఇంటి వరండాకు బేతంచెర్ల బండలు, లోపలి గదులకు నల్లటి కడప బండలు. మా ఆవిడది కడప. అందువల్ల నల్లబండ మీద గీత పడితే మా ఇంట్లో అది గీత కాదు, పుట్టింటికి జరిగిన అవమానం. అలాంటి ఇంట్లో నాకు జరిగిన అన్యాయానికి ఎవరి మీద కేసు పెట్టాలో చాలా రోజులు ఆలోచించి, చివరికి రసాయనశాస్త్రం మీదే పెడుతున్నాను. విచారించి న్యాయం చేయ ప్రార్థన.

మొదటి ముద్దాయి నీళ్లు. కొళాయిలో తుంగభద్ర వచ్చిన రోజు పండగే. రాని రోజు బోరు నీళ్లే గతి. ఆ నీళ్లతో సబ్బు రుద్దితే నురగ రాదు, తెల్లటి తెట్టు వస్తుంది. ఆ నీళ్లు ఆరిన చోట బకెట్టుకు, కొళాయి మూతికి, బండ అంచుకు తెల్లటి పొర గట్టిగా పట్టేస్తుంది. ఉప్పు పట్టిందంటాం గానీ, అది సున్నం. రెండో ముద్దాయి బండ. నాపరాయి కూడా సున్నపురాయే. విలియం కింగ్ అనే దొర 1872లోనే కడప, కర్నూలు రాళ్ల మీద ఒక పెద్ద గ్రంథం రాసిపెట్టాడు. అది చదివుంటే నాకు ముందే తెలిసేది, మరకా బండా దాయాదులని. తెలియక ఆ దాయాదుల మధ్యకు పంచాయితీకి యాసిడ్‌ను పిలిచాను.

యాసిడ్ మా వీధికి ఆదివారం ఆదివారం మోపెడ్ మీద వస్తుంది. "ఫినాయిల్, యాసిడ్, బ్లీచింగ్!" అని కేక. కొనేవాళ్ల పేరూ ఊరూ రిజిస్టర్లో రాసుకోవాలని 2013 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ అబ్బాయి దగ్గరా నోటుబుక్కు ఉంది. అందులో నా పేరుకెదురుగా బాకీ మాత్రమే ఉంది. సరుకు తాగేనీళ్ల సీసాలో ఇచ్చాడు, పైన చీటీ లేదు.

బండ మీద పోశాను. చుస్సుమని పొంగింది. మరక పోతోందని మురిసిపోయాను. పోతున్నది బండ! వాననీళ్లు మట్టిలోని బొగ్గుపులుసు గాలిని కలుపుకుని, పలచటి పులుపుతో యుగాల తరబడి సున్నపురాయిని కరిగిస్తే కొలిమిగుండ్ల దగ్గర 3,229 మీటర్ల బెలుం గుహలు ఏర్పడ్డాయి. ఆ పనికే నేను అరగంటలో శంకుస్థాపన చేశాను. నిగనిగలాడే నల్లబండ మీద దోసెంత మేర బూడిదరంగు. నిమ్మకాయైనా, చింతపండు పులుసైనా ఆ బండకు ఇదే గతి పట్టిస్తాయట, కాస్త నిదానంగా.

అంతటితో ఆగుంటే నేను గృహస్థుణ్ణే కాదు. మిగిలిన యాసిడ్ పట్టుకుని బాత్రూంలోకి వెళ్లాను. 2009 అక్టోబరులో వరద ఊరిని ముంచిపోయినప్పటి నుంచి మా ఇంట్లో బ్లీచింగ్ పౌడర్ డబ్బా ఖాళీ కాలేదు, కానివ్వను కూడా. యాసిడ్ ఒక్కటే పోస్తే సగం శుభ్రమైతే, పైన బ్లీచింగ్ చల్లితే మొత్తం శుభ్రమవదా? లెక్క సరిగ్గానే ఉంది. పచ్చగా, కాస్త పసుపుగా ఒక గాలి లేచింది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్లు శత్రువుల మీదికి వదిలింది ఈ క్లోరిన్‌నే. వాళ్లు గాలి ఎటు వీస్తోందో చూసుకుని వదిలారు. నేను తలుపేసుకుని వదిలాను. పైగా అది మామూలు గాలికి రెండున్నర రెట్లు బరువు, కింద కూర్చుని రుద్దేవాడి ముక్కు దగ్గరే కాపురం పెడుతుంది.

కళ్లు మండి, దగ్గుతో బయట పడ్డాను. మా ఆవిడ నన్ను మిద్దె మీదికి గాలిలోకి లాక్కెళ్లి, ఊపిరి నిలదొక్కుకున్నాక అడిగింది: "ఇద్దరు డాక్టర్ల మందులు ఎప్పుడన్నా కలిపి మింగినారా? మరి దానికేంటికి కలిపి పోసినారు?"

కడపలో కెమిస్ట్రీ చెప్పే బావమరిదికి ఫోన్ పోయింది. "బావా, బ్లీచింగ్‌కు నీళ్లు తప్ప ఇంకేం కలపొద్దు. యాసిడ్ తగిలితే క్లోరిన్. మూత్రం నిలవున్న చోట చల్లితే క్లోరమీన్లు, అదీ విషమే. మళ్లీ లోపలికి పోయి కడగబాకు, తలుపులు తెరిచి గాలి ఆడనీ. ఇకమీద ఒక దాంతో కడిగినాక పుష్కలంగా నీళ్లు పోసి, రెండోది ఇంకో రోజు వాడు." పుష్కలంగా! ఆ మాట మా కొళాయి దగ్గర వినబడి పుష్కరమైంది.

"మరి వెనిగర్లో వంటసోడా వేస్తే? ఫోన్లో చూపిస్తున్నారు, భలే పొంగుతుంది," అన్నాను.

"ప్రాణం పోదులే. పులుపుకు సోడా విరుగుడు, సోడాకు పులుపు విరుగుడు. నురగ అణిగినాక మిగిలేది ఉప్పు నీళ్లే."

ఉప్పు నీళ్లు మా బోరే ఇస్తుంది, డబ్బులు పెట్టి చేసుకోవాలా?

బావమరిది ఆ సాయంత్రమే అక్కకు ఫోన్ చేసి, కుంకుడుకాయల సంచి పంపిస్తానన్నాడట. సబ్బు ఓడిపోయే గట్టి నీళ్లలో కూడా కుంకుడు నురగ వస్తుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ సంచి మోసుకుని ఉగాదికి వస్తున్నది మామగారు. బూడిదరంగు బండ మీద ఈతచాప పరిచాం. ఆయనకు కూర్చునే ముందు చాప ఎత్తి దులిపే అలవాటుంది.