కొత్త హెలికాప్టర్‌కు పాత మసి

జెట్ విమానం మోడల్ చేసేవాడికి దేవుడు ఒక వెసులుబాటు ఇచ్చాడు. కాక్‌పిట్ చిన్నది. అద్దం మూత బిగించేస్తే లోపల సీటు వంకరగా ఉందో, పైలట్‌కు ముక్కు ఉందో లేదో ఎవడూ వంగి చూడడు. హెలికాప్టర్ దగ్గర ఆ పప్పులు ఉడకవు. ముందు భాగమంతా గాజు, పక్కన తలుపులు, నెత్తిన ఆరుబయట పెట్టిన యంత్రాంగం. దాచుకోవడానికి చోటే లేదు. అందుకే ఈ సరదాలో పడ్డవాళ్లు సాధారణంగా విమానాలతో మొదలుపెట్టి, కాస్త పొగరు ఎక్కాక హెలికాప్టర్ జోలికి వెళ్తారు. ఎక్కిన పొగరు అక్కడ దిగుతుంది.

సికింద్రాబాద్ అల్వాల్‌లో అలా దిగిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. పక్కనే హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్. హెలికాప్టర్ పైలట్లు చేతక్‌ల మీద పని నేర్చుకునేది అక్కడే. మేడ మీద నిలబడి తలెత్తితే చాలు, నమూనా నడినెత్తిన తిరుగుతుంది. ఆయన మాత్రం చేతక్ చెయ్యడు. రోజూ కళ్లెదుట ఎగిరేది చేస్తే తప్పులు పట్టేవాళ్లు వీధి వీధికీ ఉంటారు. అందుకని ఎక్కడో ఉన్న సోవియట్ ఎంఐ-24ను పట్టుకున్నాడు.

పట్టుకోవడానికి అది సాధు జంతువేమీ కాదు. మొదటిసారి 1969లో ఎగిరింది. తుపాకులు, రాకెట్లు మోస్తూనే కడుపులో ఎనిమిది మంది సైనికులను కూర్చోబెట్టుకుంటుంది. అక్కడి పైలట్లు దాన్ని మొసలి అన్నారు, ఎగిరే ట్యాంకు అన్నారు. పలకలు పలకలుగా అద్దాలున్న తొలి రకాన్ని గ్లాసు అని కూడా అన్నారు. తర్వాతి రకాల్లో ఆ పలకలు పోయి, ముందొకటి వెనకొకటి రెండు గాజు బుడగలు వచ్చాయి. మన వాయుసేన దీని ఎగుమతి రకాలు ఎంఐ-25, ఎంఐ-35లను నడిపింది. శాంతిసేన శ్రీలంకకు వెళ్లినప్పుడు ఎంఐ-25లూ వెళ్లాయి. 2015 చివర్లో మొదలుపెట్టి నాలుగింటిని అఫ్గానిస్తాన్‌కు బహుమతిగా ఇచ్చేశాం. కాబట్టి మోడలర్‌కు ఎర్ర నక్షత్రం వెయ్యాలా, మన మువ్వన్నెల చక్రం వెయ్యాలా, అఫ్గాన్ గుర్తు వెయ్యాలా అని ఎంచుకునే భాగ్యం ఉంది. ఈ భాగ్యంలోనే ఒక ఎండాకాలం గడిచిపోతుంది. పెట్టె ఇంకా విప్పలేదు.

పెట్టె మీద 1/72 అని ఉంటుంది. ఆ లెక్కన ఆరడుగుల మనిషి అంగుళమవుతాడు. 17.3 మీటర్ల రోటర్ 24 సెంటీమీటర్లకు దిగుతుంది. ఈ కొలతకు యుద్ధకాలపు చరిత్ర ఒకటుంది. ఆకారం చూసి ఏ విమానం ఎవరిదో పోల్చుకునే శిక్షణ కోసం 1942లో అమెరికా నౌకాదళం అక్కడి బడిపిల్లల చేత ఈ కొలతలోనే లక్షల సంఖ్యలో కొయ్య మోడళ్లు చేయించింది. 35 అడుగుల దూరంలో పట్టుకుంటే, అసలు విమానం దాదాపు అర మైలు అవతల ఉన్నంత కనిపిస్తుంది. ఆ పిల్లలు అదృష్టవంతులు. మోడల్ మొత్తానికి నలుపు పూస్తే పని అయిపోయింది. నలుపులో ఏ నలుపు అని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు అడుగుతారు. అమెరికా వాళ్లకు దానికొక పద్ధతి ఉండేది. ఫెడరల్ స్టాండర్డ్ 595 అని రంగుల పుస్తకం, ప్రతి రంగుకూ అయిదంకెల నంబరు. వియత్నాంలో తిరిగిన హ్యూయీ హెలికాప్టర్ల రంగు 34087. మొదటి 3 అంటే మెరుపు లేనిదని, తర్వాతి 4 అంటే ఆకుపచ్చ వర్గమని అర్థం. బ్యాంకు ఉద్యోగికి ఇంతకంటే ఏం కావాలి? ఖాతా నంబరు ఉంది, ఇక ఖాతాదారుడితో పనిలేదు. సోవియట్ యంత్రాల దగ్గర ఆ సుఖం లేదు. ఆ పుస్తకం వాళ్ల కోసం రాసింది కాదు. దొరికేవి ఫొటోలు. ఒకే హెలికాప్టర్ ఒక ఫొటోలో ఆకుపచ్చ, ఇంకో ఫొటోలో గోధుమ. అయితే అందులోనే ఒక రక్షణ కూడా ఉంది. ఏ రంగు వేసినా, ‘ఎండకు వెలిసింది’ అంటే కేసు కొట్టేస్తారు.

రంగు కుదిరినా మందం కుదరాలి. బ్రష్‌తో ధారాళంగా పూస్తే పొర పదో వంతు మిల్లీమీటరు ఉంటుంది. దాన్ని 72తో హెచ్చవేయండి: అసలు హెలికాప్టర్ మీద 7.2 మిల్లీమీటర్ల మందం. ఆ పెయింట్ బరువుకే అది నేల వదలదు. అందుకని రంగును పాలంత పల్చగా కలిపి, ఎయిర్‌బ్రష్‌తో పొర మీద పొరగా చల్లాలి. ఎయిర్‌బ్రష్ పుట్టిన దేశాల్లో సీలింగ్ ఫ్యాన్ సమస్య ఉన్నట్టు లేదు. ఇక్కడ మే నెలలో ఫ్యాన్ వేస్తే తుంపర హెలికాప్టర్‌ను వదిలి క్యాలెండర్ మీద వాలుతుంది. ఆపితే మోడల్ కంటే ముందు మోడలర్ తడుస్తాడు. పోనీ వానలు పడ్డాక చేద్దామంటే గాలిలో చెమ్మ. లాకర్ పెయింట్ ఆరుతూ ఆ చెమ్మను పట్టుకుని తెల్లగా పాలిపోతుంది. చలికాలం ఉత్తమం. చలికాలంలో దోమలుంటాయి. తడి పెయింట్ మీద వాలిన దోమ 72వ వంతు ప్రపంచంలో కొంగంత పక్షి.

కాక్‌పిట్ విషయం చెప్పాలి. ఎంఐ-24 లోపలి రంగు నీలమూ కాదు, పచ్చా కాదు. ఆ రెండూ కొట్టుకుంటే తేలినది. పైలట్ల కళ్లకు, మనసుకు ప్రశాంతంగా ఉంటుందని అది వేశారంటారు. దాన్ని కలిపేవాడికి ప్రశాంతత గురించి ఎవరూ ఆలోచించినట్టు లేదు. సీటు బెల్టులు ఇత్తడి రేకులో చెక్కి వస్తాయి. పట్టకారు కొంచెం గట్టిగా నొక్కితే టప్పుమని ఎగిరి మంచం కిందికి పోతాయి. ఎగరడానికే చేసిన యంత్రంలో నిజంగా ఎగిరేవి అవే. ఇక గాజు. సూపర్‌గ్లూతో అతికిస్తే దాని ఆవిరికి అద్దం తెల్లగా మసకబారుతుంది, లోపల పడిన పాట్లన్నీ మంచులో కలిసిపోతాయి. దీనికి అమెరికా మోడలర్లు కనిపెట్టిన మందు నేలకు వేసే పాలిష్. ‘ఫ్యూచర్’ అనే పేరుతో ఇళ్ల నేలల కోసం అమ్మిన ఆ యాక్రిలిక్ ద్రవంలో గాజు ముక్కను ముంచి ఆరబెడితే తళతళలాడుతుంది, మసకా పట్టదు. ఆ దేశంలో ఎన్ని గదుల నేలలు మెరిశాయో కానీ, హెలికాప్టర్ అద్దాలు మాత్రం బాగా మెరిశాయి. అది దొరకనివాళ్లు ఫెవికాల్ లాంటి తెల్ల జిగురుతో సరిపెట్టుకుంటారు. అదీ మంచిదే, ఆరాక కనిపించదు.

తర్వాత డెకాల్స్. నీళ్లలో నానబెట్టి జార్చే పల్చటి బొమ్మలు. మెరుపు లేని పెయింట్ మీద వేస్తే అడుగున గాలి చిక్కుకుని వెండిలా మెరుస్తాయి. కాబట్టి ముందు మోడలంతా మెరిసే వార్నిష్ పుయ్యాలి, డెకాల్స్ వెయ్యాలి, ఆపైన ఆ మెరుపంతా పోయేలా మెరవని వార్నిష్ పుయ్యాలి. వీటిలో పెద్ద గుర్తులు సులువు. ప్రాణం తీసేవి హెచ్చరికలు: ఇక్కడ అడుగు పెట్టకు, ఇక్కడ చెయ్యి పెట్టకు అని రష్యన్‌లో ఆవగింజలో సగమంత అక్షరాలు. అల్వాల్‌లో రష్యన్ ఎవరికొచ్చు, తలకిందులుగా వేస్తే ఏం అనుకుంటే పొరపాటే. ఫొటో పెట్టిన గంటలో ఎవరో ఒకరు కనిపెడతారు. రివెట్లు లెక్కపెట్టేవాళ్లని ఈ లోకంలో వాళ్లకొక పేరుంది. అది తిట్టో బిరుదో పుచ్చుకునేవాడి ఇష్టం.

ఇంత చేశాక అది షోరూమ్ నుంచి అప్పుడే దించినంత నిగనిగలాడుతుంది. అప్పుడు దాన్ని పాడు చేయడం మొదలవుతుంది. ఈ పనిలో అసలు కళ ఇదే. యుద్ధభూమిలో సిపాయిలు హెలికాప్టర్‌ను శుభ్రం చేయలేక చచ్చారు. ఇక్కడ మనుషులు డబ్బిచ్చి మురికి కొనుక్కుంటారు, సీసాల్లో. పల్చటి నల్ల రంగును గీతల్లోకి పారిస్తే నూనె జిడ్డు. స్పాంజి ముక్కతో అద్దితే రంగు పెచ్చులూడిన చోటు. ఇంకా పక్కాగా కావాలంటే తడి చేసిన చోట ఉప్పు చల్లి, పైన రంగు వేసి, ఆరాక ఉప్పు రాల్చాలి. ఉప్పు ఉన్నంత మేర అడుగు రంగు బయటపడుతుంది. గళ్ల ఉప్పు పనికిరాదు. మూడు మిల్లీమీటర్ల కణం 72వ వంతులో జానెడు పెచ్చు.

ఉప్పు డబ్బా గదిలోకి వెళ్లడం చూసి ఆయన తల్లి వెనకే వచ్చింది.

“ఒరే నాన్నా, డబ్బు పోసి కొత్తది కొన్నావు. దాన్నెందుకురా పాతది చేస్తావు?”

“పాతది చెయ్యడం కాదమ్మా, దీన్ని వెదరింగ్ అంటారు.”

“మీ నాన్నగారి స్కూటరుకి ఆ వెదరింగేదో వానలే చేశాయి, పైసా ఖర్చు లేకుండా.”

మసి ఎక్కడ పులమాలన్నదీ చరిత్రే చెబుతుంది. ఎంఐ-24 ఇంజిన్ గొట్టాలు రెండు పక్కలకు ఉంటాయి, కాబట్టి వాటి చుట్టుపక్కల ఒళ్లు నల్లబడుతుంది. అఫ్గాన్ యుద్ధంలో వేడిని వెతుక్కుంటూ వచ్చే క్షిపణులకు భయపడి, వేడి పొగను చల్లగాలితో కలిపి పైకి మళ్లించే పెట్టెలు తగిలించారు. పెట్టెలు బిగించిన మోడల్‌కు పాత చోట మసి పూస్తే చదువుకున్నవాళ్లు నవ్వుతారు. మసి కోసం నల్ల పాస్టెల్ సుద్దను అరగదీసి పొడి చేస్తారు. మన పెద్దమనిషి కన్ను ఒకసారి పూజగదిలో దీపం వెనక గోడకు పట్టిన మసి మీద పడింది. తల్లి కన్ను ఆయన మీద పడింది. సుద్దే వాడాడు.

చివరికి కాళ్లు అతికించి బల్ల మీద నిలబెడితే హెలికాప్టర్ ఎడమకు ఒరిగి ఉంటుంది. తెలియనివాళ్లు ఇక్కడ ఆకురాయి తీసి కుడి చక్రం అరగదీస్తారు. తియ్యకూడదు. తోక రోటర్ పక్కకు నెట్టే బలాన్ని సరిచేయడానికి అసలు యంత్రంలోనే పెద్ద రోటర్‌ను 2.5 డిగ్రీలు కుడికి వంచారు. నేల మీద రోటర్ సమంగా ఉండేలా కాళ్లు అమర్చేసరికి ఒళ్లు ఎడమకు వాలింది. అంటే నిటారుగా ఉన్న ఎంఐ-24 తప్పు, వంకరగా ఉన్నదే ఒప్పు. రోటర్ రెక్కలదీ ఇదే వరస. ఆగి ఉన్నప్పుడు వాటి బరువుకు అవే కిందికి వాలతాయి. పెట్టెలో తిన్నగా వస్తే వేడినీళ్లలో ముంచి వంచాలి. ఈ జ్ఞానం ఏదీ లేని బావమరిది పండక్కి వచ్చి, “బావగారూ, పాపం ఎక్కడైనా కిందపడేశారా?” అన్నాడు. ఆ ఒక్క మాటతో తేలిపోయింది, మోడల్ అచ్చం అసలుదానిలాగే కుదిరిందని.

ఇలాంటివారి ఇంటికి వెళ్లవలసి వస్తే పాఠకులకు చిన్న మనవి. ఎగురుతుందా అని అడగకండి, ఎగరదు. ఎంతయింది అని ఇంట్లోవాళ్ల ఎదుట అసలే అడగకండి. రోటర్‌ను వేలితో తిప్పకండి. ఒకసారి తిరుగుతుంది, మళ్లీ తిరగదు. దుమ్ము కనిపించినా గుడ్డ అందుకోకండి. అందులో కొంత గాలికి వచ్చిన దుమ్ము, కొంత ఆయన సన్నబ్రష్‌తో వేసిన దుమ్ము. ఏది ఏదో ఆయన్నే తుడుచుకోనివ్వండి.