డాబా మీది దుర్భిణి ఆత్మకథ

నేను ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ దుర్భిణిని. నాకు మోటారు లేదు, బ్యాటరీ లేదు, తెర లేదు. గొట్టం అడుగున లోపలికి వంగిన పెద్ద అద్దం, పైన ఏటవాలుగా చిన్న అద్దం, పక్కన కన్ను ఆనించే ఐపీసు, అటూ ఇటూ తిరగడానికి చెక్క పీఠం. ఇదే నా ఒళ్లు. విశాఖపట్నంలో రిటైరైన లెక్కల మాస్టారి డాబా మీద ఉంటాను.

అద్దంతో పనిచేసే దుర్భిణిని 1668లో న్యూటన్ చేశాడు. మా వంశం అక్కడ మొదలైంది. పేరు మాత్రం జాన్ డాబ్సన్‌ది. 1915లో బీజింగ్‌లో పుట్టి, 1944లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రామకృష్ణ సంప్రదాయానికి చెందిన వేదాంత మఠంలో చేరిన సన్యాసి ఆయన. పాత ఓడ కిటికీల గాజును చేత్తో అరగదీసి అద్దంగా మలిచాడు. అట్టగొట్టం, ప్లైవుడ్డుతో ఎవరైనా కట్టుకోగల దుర్భిణిని తయారుచేశాడు. 1967లో మఠం వదిలాక దాన్ని ఫుట్‌పాత్ మీద పెట్టి, దారినపోయేవాళ్లను పిలిచి చంద్రుణ్ణీ శనినీ చూపించాడు. 2014లో కన్నుమూశాడు.

మా ఊరికీ ఆకాశం చూసే అలవాటు పాతదే. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటినప్పుడు, అంకితం వెంకట నరసింగరావుగారు విశాఖలోనే తన వేధశాల నుంచి దాన్ని గమనించి నమోదు చేశారు.

నేను ఏం చూపిస్తానో ఒక్క రాత్రి సంగతి చెబితే తెలుస్తుంది. కొత్త కోడలు కాపురానికొచ్చిన వేసవిలో మాస్టారు నన్ను సప్తర్షి మండలం వైపు తిప్పారు.

“అరుంధతిని చూశావా అమ్మా?”

“పెళ్లిలో పంతులుగారు చూపిస్తే కనిపించిందని తలూపాను మావయ్యా. అప్పుడు మిట్టమధ్యాహ్నం.”

“అయితే ఇప్పుడు చూడు. గొట్టం పట్టుకోకు, ఊగుతుంది. కన్ను మాత్రం ఆనించు.”

ఆ అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, “అరుంధతి ఆ పక్కనుంది. వశిష్ఠుడేంటి మావయ్యా, రెండుగా ఉన్నాడు!” అంది. నిజమే. మామూలు కంటికి ఒక్క చుక్కగా కనిపించే వశిష్ఠుడు నా అద్దంలో జంట నక్షత్రం. ఎనభై ఏళ్లకు పైగా ప్రయాణించిన ఆ వెలుగు మధ్యలో ఏ యంత్రం చేతిలోనూ పడకుండా ఆమె కంట్లోకే చేరింది. నా బతుక్కి అర్థం అదే.

ఈమధ్య మాస్టారి కొడుకు ఒక స్మార్ట్ దుర్భిణిని తెచ్చాడు. 2023లో వచ్చిన సీస్టార్ ఎస్50. రెండున్నర కిలోల బరువు, 50 మిల్లీమీటర్ల కటకం. వెలుగు పట్టే వైశాల్యంలో నేను దానికి పదహారు రెట్లు. అయినా అది చేసే పని నావల్ల కాదు. తనే ఆకాశాన్ని ఫొటో తీసి, చుక్కల అమరికను బట్టి ఎటు చూస్తోందో గుర్తుపడుతుంది. అడిగిన చోటికి తిరుగుతుంది. పది సెకన్లకొక ఫొటో తీసి వాటన్నింటినీ ఒకదానిమీద ఒకటి పేరుస్తుంది. కారే నీటిని కుండలో పట్టినట్టు వెలుగును పోగుచేస్తుంది. కన్ను అలా దాచుకోలేదు. అందుకే పోర్టు దీపాలతో తెల్లబడిన మా ఆకాశంలో, నాలో లీలగా మిగిలే నక్షత్రవీధి దానికి జతచేసిన ఫోన్ తెర మీద సుడులతో సహా కనిపిస్తుంది. మృగశిర దిగువనున్న నెబ్యులా నాలో బూడిదరంగు పొగ, దానిలో ఎర్రటి మేఘం. మసక వెలుగులో మన కంటికి రంగులు తెలియవు మరి. మెట్లెక్కలేని మాస్టారి భార్య కింద మంచం మీద కూర్చునే ఫోన్‌లో ఆ మేఘాన్ని చూశారు. ఆవిడకు ఆ ఆకాశాన్ని నేను ఏనాటికీ చూపించలేకపోయేవాణ్ణి.

ఇలాంటి యంత్రాలు శాస్త్రానికీ పనికొస్తున్నాయి. 2022 సెప్టెంబరులో నాసా డార్ట్ నౌక డిమోర్ఫోస్ అనే చిన్న గ్రహశకలాన్ని ఢీకొన్నప్పుడు, ఎగసిన ధూళిని రీయూనియన్ దీవిలోని ఔత్సాహికులు యూనిస్టెల్లార్ స్మార్ట్ దుర్భిణులతో పట్టారు. ఆ పరిశీలనలు మరుసటి ఏడాది నేచర్ పత్రికలో వచ్చాయి.

గ్రహాల దగ్గర మాత్రం నాదే పైచేయి. గాలి నిలకడగా ఉన్న రాత్రి శని వలయాల మధ్య ఖగోళవేత్త కాసినీ కనిపెట్టిన నల్లటి సందు నాలో దారంలా తెలుస్తుంది. ఆ చిన్న కటకంలో శని మరీ చిన్నగా పడుతుంది. అంతకన్నా పెద్ద తేడా మరొకటుంది. నాతో చూసేవాళ్లు రోహిణి ఎక్కడో, ఆర్ద్ర ఎక్కడో తెలుసుకోక తప్పదు. మసక వస్తువును సూటిగా కాక కొంచెం పక్కకు చూస్తేనే బాగా కనిపిస్తుందని వాళ్ల కళ్లే నేర్చుకుంటాయి. అడగ్గానే తిరిగే యంత్రం ఆ విద్య నేర్పదు.

అందుకే నా తీర్పు ఇది: ఫొటోకీ కొలతకీ యంత్రం, ఆకాశంతో పరిచయానికి కన్ను. ఏది ముందంటే కన్నే ముందు. మీరు ఏ దుర్భిణి కొన్నా, కొనకపోయినా, ఈ వారం ఒక రాత్రి డాబా ఎక్కండి. ఫోన్ కింద పెట్టి, కళ్లు చీకటికి అలవాటుపడేదాకా అరగంట ఆగండి. సప్తర్షులనో, పిల్లలకోడినో మీరే వెతికి పట్టుకోండి. ఇంట్లో నాలాంటి పాత దుర్భిణి ఉంటే పాత సామాన్లవాడికి వెయ్యకండి. దుమ్ము దులిపి, వీధిలో పిల్లలను పిలిచి చంద్రుణ్ణి చూపించండి.