నా ముందు నిలబడినవాళ్లు

నా ఒంటినిండా ఒక కొలను, రెండు హంసలు, ఎక్కడికీ పోని మెట్లు. శృంగవరపుకోటలో ఒక ఫొటో స్టూడియో తెరను నేను. మడతపడ్డ చోట రంగు రాలి ఒక హంసకు మెడ పోయింది. ఎవరూ పట్టించుకోలేదు. సరిగ్గా అక్కడే పెళ్లికూతుర్ని నిలబెట్టేవారు.

అనంతగిరి కొండల నుంచి సంతకు దిగినవాళ్లు, పుణ్యగిరి శివరాత్రికి వచ్చినవాళ్లు, సంబంధాలకు ఫొటో పంపాల్సిన ఆడపిల్లలు, అందరూ నా ముందుకు వచ్చినవాళ్లే. ఎలా కనబడాలో వాళ్లే చెప్పేవారు. "గడియారం పడాల బాబూ, సెయ్యి ఇలాగెట్టనా?" అనేవాడు ఒకాయన. ఆ గడియారం స్టూడియోదే, నడిచేదీ కాదు. పిల్ల కాస్త తెల్లగా రావాలని తల్లి అడిగితే ఓనరు నెగటివ్ మీద సన్నటి పెన్సిలుతో గీసేవాడు. అక్కడ పెన్సిలు నలుపు పడితే ప్రింటులో ముఖం తెలుపెక్కుతుంది. మోసమంటారా? డబ్బిచ్చినవాళ్ల ముఖం, వాళ్లిష్టం.

పాతకాలపు ఫొటోగ్రాఫర్ దీన్‌దయాళ్ పేరెత్తితే ఓనరుకు పూనకమే. ఘోషా స్త్రీల కోసం 1892లో ఆయన హైదరాబాదులో జనానా స్టూడియో తెరిచాడట. ఫొటో తీసేదీ ఆడమనిషే.

డిజిటల్ వచ్చింది, వెనక తెల్లగుడ్డ చాలన్నారు, నేను అటకెక్కాను.

మొన్న ఓనరు మనవడు నన్ను దింపి దులిపాడు. హైదరాబాదులో 2015 నుంచి ఇండియన్ ఫొటోగ్రఫీ ఫెస్టివల్ జరుగుతోందట. మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో ప్రదర్శన, పోర్ట్రెయిట్లకు విడిగా పోటీ, దానికి పంపాలని వాడి ఆశ. నా పెచ్చులే ఇప్పుడు అందమట! లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ పోటీలో తీసినవాడి పేరు జడ్జీలకు చెప్పరని కూడా అన్నాడు. బాగానే ఉంది. దిగినవాళ్ల మాటేమిటో మరి.

వాళ్ల మామ్మను పిలిచి, తల దువ్వుకోవద్దు, వంటింటి చీరతోనే నిలబడు అన్నాడు.

"ఈ నలిగిపోయిన సీరతోనా? నానొల్లను."

"ఇలాగే నేచురల్‌గా ఉంటాది మామ్మా."

"నీకు బాగుంతాది. సూసినోళ్లు నవ్వేది నన్ను కదేటి?"

లోపలికెళ్లి పట్టుచీర కట్టుకుని, పువ్వులు పెట్టుకుని వచ్చింది. వాడు అంతకుముందే, ఆవిడ చెయ్యి విదిలించి తిడుతుండగా, ఒకటి నొక్కేశాడు. రెండోదాంట్లో మామ్మ ఊపిరి బిగబట్టి, గడ్డం ఎత్తి, నా మెట్ల పక్కన జమీందారిణిలా నిలబడింది. కంప్యూటర్లో రెండూ పక్కపక్కన పెట్టుకుని వాడు తిట్టేదానికే మొగ్గాడు. కోపంలో ముఖం కదిలింది, కళ్లలో ప్రాణముంది, నిజమే. నన్నడిగితే రెండోదే మామ్మ ఫొటో. మొదటిది వీడిది.

మామ్మ వెనకనుంచి తొంగిచూసింది.

"పోటీకి ఏదైనా పంపుకో. పట్టుసీరది మాత్రం పెద్ద సైజులో ఫ్రేము కట్టించియ్యి. డబ్బులు నానిత్తాను."